పడమటి కిటికీ

"నేనీడ ఉండలేనవ్వా. చదువూ వద్దు, ఏమీ వద్దు. వచ్చేస్తా," అంది సుమయా.

ఐర్లండులో దిగి ఇంకా సగం రోజు కూడా కాలేదు. హాస్టల్ గదిలో పెట్టె తాళమైనా తియ్యకుండా, దాని మీదే కూర్చుని ఏడుస్తోంది.

అటు ఉదయగిరిలో మస్తాన్బీ పని చేసుకుంటూనే వింటోంది. చెక్క గరిటెను ఆకురాయితో రుద్దుతున్న చప్పుడు ఫోన్లో వినిపిస్తోంది. ఊహ తెలిసినప్పటి నుంచీ వింటున్న ఆ చప్పుడుకి మనవరాలికి దుఃఖం ఇంకా పొంగుకొచ్చింది.

"నిన్ను ఇమానమెక్కించిన మీ అమ్మానాయనా ఇంకా ఇల్లు చేరలా. ఆత్మకూరులో బస్సు కోసం కూర్చోనుండారు. వాళ్ళకంటే ముందు నువ్వొచ్చేస్తావా ఏంది?"

"నీ మొకం చూడాలని ఉండాది."

"నాది బటన్ల ఫోను గదా. మీ నాయనొచ్చినాక ఆయన ఫోన్లో చూద్దువులే."

"ఫోన్లో కాదవ్వా. నీ ఎదురుగా కూర్చోవాల."

అంతలో అక్కడ మగ్రిబ్ అజాన్ మొదలైంది. ఉదయగిరిలో పొద్దుగూకుతుంటే ఇక్కడ ఇంకా మధ్యాహ్నమే.

"మీకాడ జొహర్ వేళే గదా. లేచి నమాజు చేసుకో. నేనూ చేసుకుంటా. అయినాక కూడా వచ్చేస్తానంటే, మీ నాయనకు నేనే చెప్తా."

సుమయా లేచి మొహం, చేతులు, కాళ్ళు కడుక్కుని వజూ చేసుకుంది. పొద్దున బస్సు దిగినప్పుడు ఎండ ఏ వైపు నుంచి కొట్టిందో గుర్తు తెచ్చుకుని, దానికి ఎదురు వైపున్న కిటికీ ముందు నమాజు చాప, జానమాజు, పరిచింది. ఏ దేశం పోయినా నమాజు పడమరకే. అందులో ఆమెకు అనుమానమే లేదు. ఇంట్లో ఇరుకు వసారాలో అవ్వ ముందు, తను వెనక. ఎన్నేళ్ళు చేసినా కళ్ళ ముందు ఉండేది అవ్వ వీపే. ఇవాళ ఆ వీపు కూడా లేకపోయేసరికి కిటికీ మసకబారింది.

"ఎటు తిరిగావు?" అని ఇంగ్లీషులో అడిగింది అప్పుడే గదిలోకి వచ్చిన హుదా. మొరాకో అమ్మాయి, ఆ గదిలో రెండో మంచం ఆమెది.

"మక్కా వైపు. పడమరకి."

"అటు సముద్రం. అది దాటితే కెనడా," అంటూ హుదా నవ్వి, జానమాజు కొస పట్టుకుని తలుపు వైపుకి తిప్పేసింది. "ఇక్కడి నుంచి మక్కా తూర్పున."

సుమయా సిగ్గుపడుతూనే అటు తిరిగి నమాజు ముగించింది. వెంటనే ఫోను చేసింది.

"పెద్ద తప్పు చెయ్యబోయినానవ్వా. ఈడ పడమరకు కాదంట, తూర్పుకంట. మక్కా నీకు పడమర, నాకు తూర్పు. మనిద్దరికీ నడిమధ్యన ఉండాది."

ఆకురాయి చప్పుడు ఆగిపోయింది. అవ్వకు కోపమొచ్చిందేమోనని సుమయాకి బెదురు పుట్టింది.

"అంటే, ఇందాక నువ్వు నా దిక్కుకు తిరిగే కూర్చున్నావా?" అంది మస్తాన్బీ చివరికి.

"ఆ."

"అదే వేళకు నేను నీ దిక్కుకు తిరిగినానా?"

"ఆ అవ్వా."

"ఇన్నేళ్ళూ నా వీపెనకాల కూర్చున్నావు. ఈ పొద్దు గదమ్మే, నా ఎదురుగా కూర్చున్నావు."