వరస తప్పిన పిలుపు

"ఆపా, జర వంగకు! ఆ బకెట్ నేను లేపుతా."

గల్లీ మొత్తం నవ్వింది.

అన్నది సత్తెమ్మ. నడుం సగానికి వంగిపోయి, ఒక చేత కర్ర, ఒక చంకన గంపతో తైద పిండి, అదే రాగి పిండి, నువ్వులు అమ్ముకునే మనిషి. పత్తర్‌గట్టి వెనక గల్లీల్లో పిల్లా పెద్దా అందరికీ ఆమె 'అవ్వ'.

ఖైసర్ బేగానికి మండింది. ఆమెకు యాభై మూడు. జుట్టుకు మెహందీ పెట్టుకుంటే అంత కూడా కనిపించదు.

"నేను నీకు ఆపానా, అక్కనా? నీ నడుం సూస్కున్నవా, అవ్వా?"

"సూస్కొనే చెప్తున్న, ఆపా. నీది గూడ వంగుతుంది. బొక్కలల్ల సున్నం తగ్గుతున్నట్టుంది."

"గట్లయితే పాన్‌ల ఇంకింత సున్నం పూస్కుంటది తియ్యి!"

ఆ మాట ఖైసర్ మొగుడు దస్తగీర్‌ది. అప్పుడే హోటల్ నుంచి పాయా గిన్నె పట్టుకుని వచ్చాడు.

"రోజు మేక కాళ్ల రసం తాపిస్తున్న. బొక్కకు బొక్కే మందు."

"అది ఉత్త జిగురు, భాయ్. బొక్కల సున్నం రసంలకు దిగదు. తైద జావ తాపియ్యి. పాలు, పెరుగు, నువ్వులు పెట్టు. పొద్దుగాల జరసేపు ఎండ తగలనియ్యి. దవాఖానల బొక్కల పరీక్ష చేపియ్యి."

"డాక్టరమ్మ వచ్చింది, జరగుండ్రి!"

గల్లీ మళ్లీ నవ్వింది. ఒకరి మీద నవ్వేందుకు గల్లీకి ఎప్పుడూ తీరికే.

ఎండట, ఎండ! ఖైసర్ పొద్దంతా కిటికీ లేని అర్రలో చాప మీద కూర్చుని లక్క గాజులకు రాళ్లు అతికిస్తుంది. అక్కడ పగలూ బల్బే. ఇంట్లో పాలంటే చాయ్ రంగు మారేటన్ని.

సత్తెమ్మ మాత్రం వారం వారం వచ్చేది. గడప మీద తైద పిండి పొట్లం పెట్టి పోయేది. పైసలు అడిగేది కాదు.

"ఊకెనే ఇస్తుందంటే ఏందో మతలబున్నది," అనేవాడు దస్తగీర్. పొట్లాన్ని అటక మీదికి విసిరేవాడు.

ఒకరోజు చీపురెత్తాడు.

"ఆపా, ఆపా అనుకుంట మళ్ల ఈ గడప తొక్కితే మంచిగుండదు, ముసల్దానా!"

ఆమె కర్ర తడుముకుంటూ వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

రంజాన్ దాటిన నెలకు ఖైసర్ చాప మీంచి లేవబోయింది. పడలేదు, జారలేదు. లేవబోయింది, అంతే. తుంటి దగ్గర పుటుక్కుమంది.

దవాఖానాలో డాక్టరు ఎక్స్‌రే చూపించాడు.

"బొక్కలు లోపల గుల్లయినయి. ఆపరేషన్ చేస్తం. కానీ మళ్ల కింద కూసునుడు, లేసుడు కష్టమే."

"రోజు పాయా తాపిచ్చిన, సార్..."

"పాయాతోని ఏమైతది? పాలు, రాగులు, ఎండ, అన్నీ పదేండ్ల కిందనే మొదలు కావాలె. ఇప్పుడు మందులతోని పాటు పెడితే ఉన్నయన్న నిలుస్తయేమో. ఇన్నేండ్లల్ల ఒక్కరు గూడ చెప్పలేదా?"



దస్తగీర్ ఇంటికొస్తే, తల్లి చాప మీద కూతురు నుజహత్ కూర్చుని ఉంది. గాజుల సేటు ఆర్డర్ ఎవరి తుంటి విరిగినా ఆగదు. మిట్టమధ్యాహ్నం బల్బు కింద రాళ్లు అతికిస్తోంది.

"నడుం గుంజుతుంది, అబ్బాజాన్," అంది.

దస్తగీర్ అటక మీది పొట్లాలు దించి ఒక్కొక్కటే విప్పాడు. అన్నిటికీ పురుగు పట్టింది.

మర్నాడు పొద్దున్నే సత్తెమ్మను వెతుక్కుంటూ గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయాడు. పదిమందిని అడిగితే, ఆమెకు తైదలు తూచి ఇచ్చే యశోద దొరికింది.

"సత్తెమ్మనా? పోయింది, భాయ్. పదిహేను దినాలైతుంది."

"ఎట్ల?"

"దగ్గితే వెన్ను బొక్క విరిగింది. మంచంల వడ్డది. దమ్ము పట్టింది. ఇగ లేవలే."



"ముసల్ది గదా. ఎన్ని దినాలని ఉంటది," అన్నాడు, తనకు తానే చెప్పుకున్నట్టు.

యశోద తక్కెడ కింద పెట్టింది.

"ముసల్దెవరు, భాయ్? ఇరవై ఆరేండ్లకే గర్భసంచి తీసేసిండ్రు, అప్పటిసంది బొక్కలు గుల్లవడ్డయి. అటెనక అలియాబాద్ దిక్కు ఒక చీకటి అర్రల పన్నెండేండ్లు గాజులకు రాళ్లు అతికింది. నడుం వంగినంక సేటు ఎల్లగొట్టిండు. ఎక్కడ గాజుల పనిజేసే ఆడిది కనిపించినా, నా లెక్క కావద్దు యశోదా అని ఇంత పిండి కట్టుకొని పోతుండె."

కళ్లు తుడుచుకుంది.

"నా ఈడుదే. మొన్న ఉగాదికి నలభై ఆరు నిండినయి."

అవ్వ కాదు, ఖైసర్ కంటే ఏడేళ్లు చిన్నది, 'ఆపా' అంటూ ఒక్కనాడూ వరస తప్పి పిలవలేదు.