వయసు హద్దు తీసేసిన కొంగలు

దేశదేశాల చెరువుల్లో శాఖలున్న కొంగల సేవాసంఘం అది. గుర్రపుడెక్క పీకి చెరువు బాగుచేసేది మాత్రం కుర్రజట్టే. ఈసారి ఆ జట్టుకి నాయకత్వం మల్లి అనే కుర్రకొంగ వంతు.

ఇంతలో ఒక ముసలికొంగ తామరాకు మీద సంఘం రాసిన కొత్త రూలు చదివింది: "ఇకమీదట కుర్రజట్టుకి వయసు హద్దు లేదు."

చదివీ చదవగానే వెళ్లి జట్టు నాయకుడు కూర్చునే రాయి మీద కూర్చుంది.

"తాతయ్యా, అది నా వంతు కదా?" అంది మల్లి.

"నేనూ కుర్రాణ్ణేగా అమ్మాయ్!"

"అయితే దిగు మరి. మా జట్టులో ముందు బురదలో దిగేది నాయకుడే. మెడలోతు ఉంటుంది."

ముసలికొంగ బురదకేసి చూసింది. తన మోకాళ్లకేసి చూసుకుంది.

"అబ్బే, ఆకు తిరగేసి చదివినట్టున్నానే!" అంటూ ఎగిరిపోయింది.

రాయి మీద రెట్ట మిగిలింది. మల్లి దాన్ని కడిగేసి బురదలోకి దిగింది.