తేలిక బండి

"ఈ బండి వద్దు బిడ్డా. ఇంకోటి వస్తది, జర ఆగుదాం."

ఆ మాటకు సారంగపాణి నివ్వెరపోయాడు. వానలో రోడ్డుకు అడ్డం నిలబడి, రెండు చేతులూ ఎత్తి తన కారు ఆపిన మనిషే కూతురితో అంటున్నాడా మాట. పక్కనే తడిసిన నులకమంచం మీద అతని భార్య సుల్తానా బేగం పడి ఉంది. మధ్యాహ్నం గడ్డి కోస్తుంటే పాము కరిచిందట. ఆ విషానికి సూది తన దగ్గర లేదని, ఆలస్యం చేయకుండా వరంగల్ దవాఖానకు తీసుకుపొమ్మని ఊరి కాంపౌండరు చేతులెత్తేశాడు. ములుగు నుంచి రావలసిన జీపు వానకు రానేలేదు.

అతని పేరు కరీముద్దీన్. కొన్నేళ్లు హైదరాబాదులో కార్ఖానా పని చేసి వచ్చి, ఇప్పుడు ఆ ఊళ్లో సైకిళ్లు బాగు చేస్తాడు. కారు ఆగగానే ఉరికి వచ్చినవాడు, తలుపు అంచు కిందికి చెయ్యి పోనిచ్చి, నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు. వేలి కణుపుతో రెండుసార్లు తట్టి చూశాడు.

సారంగపాణికి ఇది కొత్త కాదు. అతను పశువుల డాక్టరు. పెట్రోలు తక్కువ తాగుతుందని నిరుడు హైదరాబాదులో, అక్కడే తయారైన ఈ ఫైబర్ బాడీ కారును సెకండ్ హ్యాండులో కొన్నాడు. ఇనుప రేకు కాదు గనక నలుగురు పట్టుకుంటే ముందు భాగం లేచేంత తేలిక. డబ్బా బండి అని హన్మకొండలో నవ్వనివాళ్లు లేరు. కాని పెళ్లాం ప్రాణం పోతుంటే కారుకు వంకలు పెట్టేవాణ్ణి చూడడం మాత్రం ఇదే మొదలు.

"అమ్మీ కండ్లు మూతలు పడ్తానయ్ అబ్బా. నీకు మంచి బండి గావాల్నా?" అంది కూతురు సాబిరా. తండ్రి జవాబు కోసం చూడకుండా, సారంగపాణితో కలిసి తల్లిని వెనక సీట్లోకి చేర్చింది. కరీముద్దీన్ ముందు సీట్లో కూర్చున్నాడు.

వెనక నుంచి సాబిరా గొంతు ఆగకుండా వినబడుతోంది. తల్లి నిద్రలోకి జారకుండా ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. మొదట్లో సుల్తానా బేగం జవాబులు చెప్పింది. తర్వాత మాట ముద్దగా వచ్చింది. ఆ తర్వాత మూలుగు ఒక్కటే. సారంగపాణి యాక్సిలేటర్ తొక్కాడు.

"జర మెల్లగ సారు," అన్నాడు కరీముద్దీన్.

సారంగపాణికి ఒళ్లు మండింది. కరీముద్దీన్ ఒక చెయ్యి పైకప్పుకు ఆనించి, ఇంకో చేత్తో తలుపు పక్కనున్న ఫైబర్ కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు. గుంత వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని పెదవులు కదుపుతున్నాడు. వెనక్కి తిరిగి భార్యను చూడడం లేదు. అతని చూపంతా కారు మీదే. ఆ భయం మెల్లగా సారంగపాణికీ ఎక్కింది. ఏడాదిగా నడుపుతున్న బండే, ఇప్పుడు ప్రతి చప్పుడూ కొత్తగా వినిపించసాగింది.

వాగు దగ్గర నీళ్లు రోడ్డు మీదుగా మోకాలి కింది దాకా పారుతున్నాయి. కరీముద్దీన్ కారు ఆపించి దిగాడు. పక్కనున్న రాళ్ల కుప్ప నుంచి ఒక్కొక్క రాయీ తెచ్చి లోపల కాళ్ల దగ్గర పేర్చడం మొదలుపెట్టాడు. బరువు లేని బండిని నీళ్లు ఎత్తుకుపోతాయన్నాడు. సాబిరా ఏడుస్తూ తిట్టింది. అతను రాళ్లు మోస్తూనే ఉన్నాడు. సారంగపాణి కూడా దిగి మోశాడు.

నడి వాగులో వెనక చక్రాలు జానెడు పక్కకు జారాయి. సారంగపాణి స్టీరింగు గట్టిగా తిప్పిపట్టాడు. మళ్లీ చక్రాలు నేల పట్టాయి. రాళ్లే లేకపోతే ఏమయ్యేదో అతను ఆలోచించదలచుకోలేదు.

వాగు దాటాక ఎదురుగా లారీ దూసుకొచ్చింది. పక్కకు తప్పిస్తే ముందు చక్రం గుంతలో దబ్బున పడింది. ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడు. కరీముద్దీన్ పట్టుకున్న కమ్మీ మధ్యకు చీలింది. తలుపు వదులై ఊగింది. అతను తలకు చుట్టుకున్న రుమాలు విప్పి, చీలిన కమ్మీకి తలుపును కలిపి కట్టాడు. మిగిలిన దారంతా ఆ ముడిని రెండు చేతులా పట్టుకునే కూర్చున్నాడు. దవాఖాన గేటు ముందు కారు ఆగేసరికి అతని అరచేతుల్లో నెత్తురు చారలున్నాయి.

పొద్దు గూకే వేళకు సుల్తానా బేగం కళ్లు తెరిచింది. ఇక భయం లేదని డాక్టరు చెప్పాడు. సాబిరా తల్లి చెయ్యి వదలలేదు.

వరండాలో కరీముద్దీన్ ఒక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సారంగపాణి రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చి పక్కన కూలబడ్డాడు. పాపం, ఎన్నడూ చూడని బండి, బెదిరిపోయాడనుకున్నాడు. ఓపిగ్గా నచ్చజెప్పాడు. ఫైబర్ అంటే గాజు నుంచి తీసిన నార అనీ, దాన్ని పొర మీద పొర పరిచి బంకతో అతికిస్తారనీ, తూకానికి తూకం చూస్తే ఇనుము కన్నా గట్టిదనీ చెప్పాడు.

"ఆ కమ్మీ ఎందుకు చీలిందో గాని, దీనికి మరీ అంత భయపడే పని లేదు పెద్దాయనా."

కరీముద్దీన్ చాయ్ ముట్టలేదు.

"నిజమే సారు. నాలుగు పొరలు పరిస్తె ఇనుమసొంటిదే," అన్నాడు.

తన అరచేతుల వంక చూసుకున్నాడు.

"దీనికి నేను రెండే పరిచిన."