ఒక్క నిమిషం మౌనం

"ఇంకా ఎనిమిదిన్నరే కదరా, ఎందుకంత తొందర? ఎక్కడన్నా ఆపు, కాస్త కాఫీ తాగుదాం," అంది వెనక సీట్లోంచి ముసలావిడ. అలా అనడం అది మూడోసారి.

"తొమ్మిదిన్నర దాటితే కారు పెట్టుకోడానికి చోటుండదు అమ్మమ్మా," అన్నాడు బండి నడుపుతున్న మన్‌గీ.

"మీ అమ్మమ్మ తీరే అంతరా. ఏటా ఏదో వంక పెట్టి పదకొండు చేస్తుంది. ఓ ఏడు కాళ్లు నొప్పులు, ఓ ఏడు పూలు బాలేవు. కన్నకొడుకు సమాధి దగ్గరికి పోవడానికి కూడా బద్ధకమేనా!" అని విసుక్కుంది పక్క సీట్లో ఉన్న అతని అమ్మ ఒక్‌బున్.

తొంభై నాలుగేళ్ల తల్లిని విసుక్కోకూడదని ఆమెకూ తెలుసు. కానీ యుద్ధాల్లో పోయినవాళ్లని దేశమంతా తలుచుకునే జూన్ ఆరో తేదీ వచ్చిందంటే ఒక్‌బున్‌కి లేస్తూనే ఒళ్లు మండుతుంది. అన్న గుర్తొస్తాడు. ఆ వెంటనే, ఆయన్ని వదిలేసి పోయిన మనిషి గుర్తొస్తుంది.

అన్న దల్‌సూ వియత్నాం యుద్ధంలో పోయేనాటికి అతనికి ఇరవై నాలుగు, వదిన కుమ్‌జాకి ఇరవై ఒకటి. రెండేళ్లు తిరక్కుండానే ఒక తెల్లవారుజామున వదిన చెప్పాపెట్టకుండా ఇల్లు దాటింది. పుసాన్‌లో ఎవడో లారీ డ్రైవర్‌ని కట్టుకుందని తర్వాత తెలిసింది. పోతూ పోతూ, ఆ చలికాలమంతా అమ్మ తలుపేసుకుని కుట్టిన పట్టుబొంత కూడా పట్టుకుపోయింది. పెళ్లికూతురికి పెట్టే ఎర్రంచు బొంత అది. తన కోసమే కుడుతోందని పద్దెనిమిదేళ్ల ఒక్‌బున్ ఎంత మురిసిపోయిందో!

"దాని పేరెత్తినవాళ్లు ఎవరైనా సరే, ఈ గడప దాటాల్సిందే," అన్నాడు నాన్న. పోయిన చలికాలంలో కన్నుమూసేదాకా ఆ మాట మీదే ఉన్నాడు. అమ్మ మాత్రం ఏనాడూ పల్లెత్తు మాట అనలేదు. కొడుకు పోయి, కోడలూ పోయాక ఇంకేమంటుందిలే అనుకుంది ఒక్‌బున్. అందుకే తల్లి తిట్టని తిట్లు కూడా కలిపి యాభై ఏళ్లుగా తనే తిడుతోంది.

సిపాయిల శ్మశానం గేటు దగ్గర్నుంచి ముసలావిడ మరీ నత్తనడక నడిచింది. పది అడుగులకోసారి ఆగింది. ఒక్‌బున్ విసిగిపోయి పూలు పట్టుకుని ముందు నడిచింది.

అన్న సమాధిరాయి ముందు ఎవరో ఒకావిడ గొంతుక్కూచుని ఉంది. కాగితం పళ్లెంలో చెక్కు తీసిన బేరిపండ్లు, పక్కన అగరొత్తుల గిన్నెలోని ఇసుకలో గుచ్చి వెలిగించిన సిగరెట్. ఏటా తాము వచ్చేసరికి ఆ పండ్లూ, కాలిపోయిన సిగరెట్ పీకా అక్కడ ఉంటూనే ఉన్నాయి. అన్నతో పనిచేసిన సిపాయిలెవరో పెట్టిపోతున్నారని మనసులోనే దండం పెట్టుకునేది ఒక్‌బున్.

ఆ మనిషి తల తిప్పింది. ముఖం ముడతలు పడిపోయింది గానీ, గడ్డం కింద పుట్టుమచ్చ అలాగే ఉంది.

"నువ్వా!"

"ఒక్‌బున్..."

"నా పేరెత్తకు! ఎన్నేళ్లుగా వస్తున్నావిలా దొంగచాటుగా?"

"మొదట్నుంచీ."

"అక్కడ ఆ మొగుడికి వండిపెట్టి, ఇక్కడికొచ్చి ఈయనకి పండ్లు కోసిపెడతావా? సిగ్గులేదూ?"

"ఆయనా పోయాడు. నాలుగేళ్లయింది."

"ఓహో! ఆ కొంప ఖాళీ అయిందని ఈ రాయి కింద చోటు చూసుకోడానికొచ్చావా? మారుమనువాడినదానికి ఇక్కడ చోటు లేదని సర్కారే రాసిపెట్టింది, తెలుసా?"

"తెలుసు. చోటు కోసం రాలేదు. ఒక్కసారి మొక్కి వెళ్లిపోతాను."

"మొక్కనివ్వను! మా అన్న ముందు నువ్వు వంగడానికి వీల్లేదు!"

"అమ్మా, అందరూ చూస్తున్నారే," అన్నాడు మన్‌గీ, అమ్మమ్మని నడిపించుకొస్తూ.

"చూడనీ! దీని బాగోతం నలుగురికీ తెలియాలి!" ఒక్‌బున్ కాలితో పళ్లేన్ని ఒక్క తన్ను తన్నింది. బేరి ముక్కలు గడ్డిలో పడ్డాయి.

కుమ్‌జా ఒక్కో ముక్కా ఏరి, తన చేతిగుడ్డతో తుడిచి పళ్లెంలో పెట్టింది. అప్పుడు తలెత్తి ముసలావిడ వైపు చూసింది. ముసలావిడ చేతికర్ర మీద ఆనుకుని నిలువెల్లా వణుకుతోంది.

"చూశావా, నిన్ను చూస్తేనే మా అమ్మ ఎలా వణికిపోతోందో! ఆ ఉసురు నిన్ను ఊరికే పోనిస్తుందా? అమ్మా, నువ్వే చెప్పు దీన్ని పొమ్మని! యాభై ఏళ్లు కడుపులో పెట్టుకున్నావు, ఇవాళైనా కక్కెయ్! ఇది మన..."

సైరన్ మోగింది.

పది గంటలు. ఆ రోజు ఆ సైరన్‌కి దేశం దేశమంతా ఎక్కడివాళ్లక్కడ ఒక్క నిమిషం నిలబడిపోతుంది. ఒక్‌బున్ నోట్లో తిట్టు నోట్లోనే ఉండిపోయింది. చేతులు పక్కకి పెట్టుకుని, పళ్లు బిగబట్టి నిలబడింది. కోపంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. నిమిషం ఇంత పొడుగుంటుందని ఆమెకి ఎప్పుడూ తెలీదు.

ఆ మైదానం మొత్తం మీద కదిలింది ముసలావిడ ఒక్కతే. కర్ర ఊనుకుంటూ కుమ్‌జా దాకా వెళ్లి, ఎదురుగా ఆగి, చెయ్యి పైకెత్తింది.

కొట్టమ్మా, కొట్టు, అనుకుంది ఒక్‌బున్.

ఎత్తిన చెయ్యి కుమ్‌జా భుజం మీద వాలింది. సైరన్ ఆగింది.

"అమ్మా, ఏమిటిది? మనల్ని కాదని లేచిపోయి పెళ్లి చేసుకున్నదాన్ని పట్టుకుంటావేంటి!" అని అరిచింది ఒక్‌బున్.

ముసలావిడ కూతురి వైపు తిరిగింది. ఆ కళ్లలో అంత కోపం ఒక్‌బున్ పుట్టి ఎప్పుడూ చూడలేదు.

"దానికి ఆ పెళ్లి చేసింది నేనే."