తుంగ చచ్చేదాకా

అబ్బులు పొద్దున్నే వెళ్ళేసరికి, నిన్న శుభ్రం చేసిన సాళ్ళలో తుంగ మళ్ళీ మొలిచి ఉంది.

సన్నగా, సూదుల్లా నిలబడి ఉంది. వాటి మధ్య వేరుశనగ మొక్కలు పాలిపోయి నేలకంటుకుపోయాయి.

"మళ్ళీ వచ్చేసిందండి," అంది దీనమ్మ. ఆమె అప్పటికే చేలో కూర్చుని బొరిగెతో గడ్డలు పెకలిస్తోంది. ఎంత తొందరగా బయల్దేరినా అబ్బులు ఏ రోజూ ఆమెకంటే ముందు చేరలేకపోయాడు.

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి నలభై అయిదేళ్ళయింది. కాలవ నీళ్ళు ఊళ్ళో చాలామంది పొలాల్ని వరిమళ్ళు చేశాయి గాని, ఏటిగట్టు పక్కనున్న అబ్బులు మెరకలోకి మాత్రం ఎక్కలేదు. ఎకరన్నర ఇసుక నేల. వాళ్ళ నాన్న బతికినన్నాళ్ళూ అందులో చోళ్ళే పండించాడు. ఇసుకలో వేరుశనగ బాగా ఊరుతుందని ఎవరో చెబితే, ఈ ఏడు అబ్బులు జత ఎడ్లలో ఒకదాన్ని అమ్మి విత్తనం తెచ్చాడు.

"ఒంటెద్దుతో వచ్చే ఏడు ఏం దున్నుతావు?" అంది భార్య చిన్నమ్మాయి.

"పంట చేతికొస్తే దానికి జత తేలేనా?" అన్నాడు.

మొలక బాగానే వచ్చింది. ఇరవయ్యో రోజున తుంగ కనపడింది. ఆరుగురు ఆడకూలీల్ని పెట్టి తీయించాడు. కలుపు పోయి చేను తెల్లబడింది. అయిదుగురిని మానిపించి, అక్కడక్కడా మిగిలిన దుబ్బుల కోసం దీనమ్మ ఒక్కత్తినీ ఉంచుకున్నాడు. రోజుకు తవ్వెడు చోళ్ళు కూలి.

నాలుగు రోజుల్లో అయిపోతుందనుకున్న పని. పది రోజులు తిరిగేసరికి తుంగ చేనంతా అల్లుకుంది.

దీనమ్మ మిషను పేట మనిషి. మొగుడు రంగూన్ పడవెక్కి మూడేళ్ళయింది. కబురు లేదు. ఇంట్లో చూపు ఆనని అత్త, ఇద్దరు పసిపిల్లలు. ఆ ఏడు వానలు సరిగా లేక గింజల ధర మండిపోయింది. ఊళ్ళో రైతులు కూలికి పిలవడమే మానేశారు. పేటలో పొయ్యి రాజెయ్యని ఇళ్ళు చాలా ఉన్నాయి.

సాయంత్రం కొంగు పట్టి చోళ్ళు పోయించుకుంటూ దీనమ్మ రోజూ ఒకటే మాట అడిగేది.

"రేపు రమ్మంటారా అండి?"

"రాకపోతే ఎలాగే? ఈ తుంగ చచ్చేదాకా రావాల్సిందే."

ఆదివారం మాత్రం ఆమె ప్రార్థనకు వెళ్ళేది. ఒక శనివారం అబ్బులు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ అన్నాడు.

"మీ దేవుడికి నా చేను సంగతి ఓ మాట చెప్పవే."

సోమవారం మర్చిపోకుండా అడిగాడు. "చెప్పావా?"

"చెప్పానండి."

"ఏమన్నాడు?"

దీనమ్మ తలెత్తలేదు. "ఏమీ అన్లేదండి."

పూత వచ్చింది. ఊడలు నేలలోకి దిగాయి. ఇక మట్టి కదపకూడదు. తుంగను ఒక్కొక్క పోచా వేళ్ళతో గిల్లి తీయాలి. అబ్బులూ, చిన్నమ్మాయీ కూడా వంగారు. సాయంత్రానికి నడుములు నిలబడేవి కావు. చిన్నమ్మాయి గట్టు మీద కూర్చుని గోళ్ళలో ఇరుక్కున్న ఇసుక తీసుకుంటూ, మనకు వ్యవసాయం అచ్చిరాలేదు అనేది. తెల్లారి చూస్తే ఈ మూల నుంచి ఆ మూల దాకా మళ్ళీ పచ్చటి మొనలు.

కోతకింకా పక్షం రోజులుందనగా ఉండబట్టలేక ఒక మొక్క పీకి చూశాడు. నాలుగు కాయలున్నాయి. మూడు తాలు. నాలుగోదాన్ని తుంగ మొన ఇటు పొడిచి అటు వచ్చింది. ఇంకో మొక్క పీకాడు. ఇంకోటి పీకాడు. తర్వాత పీకడం మానేసి దీనమ్మ దగ్గరికి నడిచాడు.

"రేపట్నుంచి రావద్దే," అన్నాడు.

దీనమ్మ చేతిలో పని ఆగిపోయింది. "అదేంటండి? ఇంకొక్క వారం చూద్దామండి. నేను తీసేస్తానండి. ఇంక ఒక్కటి కూడా మొలవదండి, నా మాట నమ్మండి."

"మొలిచినా ఒకటే, మొలవకపోయినా ఒకటే. రెండో ఎద్దునీ సంతకు తోలేస్తున్నాను. నేనూ రంగూన్ పోతున్నాను."

ఆమె ఉన్నచోటే కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఎంతకీ ఆపలేదు. చివరికి లేచి, కూలి గింజలైనా అడక్కుండా గట్టెక్కి వెళ్ళిపోయింది.

అబ్బులు గుండె చెరువైంది. ఊళ్ళో ఇంతమంది ఉన్నారు. తన చేను పోయిందని కన్నీళ్ళు పెట్టుకున్నది పరాయి మనిషి ఒక్కత్తే అనుకున్నాడు.

ఇంటికి వెళ్ళి ఆ రోజు కూలికి మరో రెండు తవ్వలు కలిపి మూట కట్టాడు. చిన్నమ్మాయి చూసి కూడా వద్దనలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అడుగు పెట్టని పేటలోకి నడిచాడు. ఆమె గుడిసె ఏదని అడిగి తెలుసుకున్నాడు. దీనమ్మ ఇంకా ఇల్లు చేరలేదు. అత్త జ్ఞానమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. అలికిడికి ముసలామె మొహం ఇటు తిప్పింది.

"ఎవరదీ, ఆశీర్వాదమా?" అంది, తమ్ముడి కొడుకు అనుకుని.

అబ్బులు చోళ్ళ మూట దించడానికి గుమ్మం పక్కకు వంగాడు.

"చూసుకో నాయనా, ఆ తడిగోనె తొక్కకు, రేపు తెల్లారకముందే మా కోడలు అబ్బులు గారి చేలో పాతి రావాల్సిన తుంగ గడ్డలున్నాయి అందులో."