లిసాండ్రో చోటు

"వదినా, ఈసారికి పైనుంచే పూలు వేసి ఊరుకో. నీళ్ళలోకి దిగకు," అన్నాడు ఫెర్మిన్, పడవ ఇంజను ఆపుతూ.

ఒబ్దూలియా వినిపించుకోలేదు. వినపడలేదేమో కూడా. ఆమె ఎడమ చెవి ఎప్పుడో పోయింది. పెళ్ళయిన కొత్తలో మొగుడు లిసాండ్రో కొట్టిన దెబ్బకే పోయిందని ఊరంతటికీ తెలుసు. ఆ మొగుడి కోసమే ఏటా కార్మెన్ మాత పండగనాడు పూలదండ పట్టుకుని మరిది పడవెక్కుతుంది. ఏం ఆడదో, ఏం ప్రేమో!

ముఖానికి మాస్కు తగిలించుకుంది. గాలిగొట్టం పళ్ళ మధ్య కరిచిపట్టింది. దండతో సహా నీళ్ళలోకి జారింది.

పడవలో ఇంకో ఇద్దరున్నారు. హిమేనా, ఆమె భర్త. రాజధాని బొగొటా నుంచి వచ్చిన కొత్త జంట. సముద్రంలో ఈత కొట్టాలి, రంగురంగుల చేపల్ని చూడాలి, అదీ వాళ్ళ సరదా. పొద్దుటినుంచి ఫెర్మిన్ వాళ్ళని రెండు చోట్ల దింపాడు. రెండుచోట్లా పగడాలు చచ్చిపోయి, సున్నం కొట్టినట్టు తెల్లగా పడి ఉన్నాయి. చేపపిల్ల లేదు.

"మీరు పెట్టిన కొబ్బరన్నం, వేయించిన చేప బ్రహ్మాండంగా ఉన్నాయండీ," అంది హిమేనా. "కాకపోతే చేపలు మీ పళ్ళెంలోనే కనిపించాయి, మీ సముద్రంలో కనిపించలేదు."

ఫెర్మిన్ ముఖం మాడిపోయింది. పక్క ఊరి పడవలవాళ్ళు ఇప్పటికే వచ్చిన జనాన్నల్లా తన్నుకుపోతున్నారు. ఈ ఏడు కూడా ఇలాగే పోతే పడవ అమ్ముకోవాల్సిందే. అమ్ముకున్నాక పిల్లలకి ఏం పెట్టాలి? మట్టా?

ఈ తీరంలో ప్రాణంతో ఉన్న పగడపు దిబ్బ ఇక ఒక్కటే. అది ఇదే. లిసాండ్రో చోటు. ఏళ్ళ కిందట అతని దోనె తిరగబడి దొరికింది ఇక్కడే.

ఊరి కట్టుబాటు అలాంటిది. సముద్రం మనిషిని మింగి శవాన్ని ఇవ్వకపోతే, అతను మునిగిన చోటే అతని సమాధి. పెళ్ళాం ఏటా పూలు తెచ్చినంత కాలం అక్కడ ఎవరూ లంగరు వెయ్యరు, వల విసరరు, ఈత కొట్టరు. ఆమె పూలు తేవడం మానేసినా, మళ్ళీ పెళ్ళి చేసుకున్నా, ఆ చోటు అందరిదీ అయిపోతుంది. ఒబ్దూలియాని చేసుకుంటానని రొట్టెల బట్టీ ఆయన ఏళ్ళ తరబడి చెప్పులరిగేలా తిరిగాడు. "చెవి పగలగొట్టినవాడి కోసం ఇంకా ఎన్నాళ్ళే ఈ నోములు?" అని ఇరుగుపొరుగు ఆడవాళ్ళు దులిపేశారు. ఆమె అందరికీ ఒకే నవ్వు నవ్వి ఊరుకుంది.

ఒబ్దూలియా దిబ్బ కిందికి మునిగింది. చిన్నప్పటినుంచి శంఖాల కోసం మునిగి అలవాటుపడిన ఒళ్ళు. చాలాసేపటికిగాని పైకి రాలేదు. వచ్చాక చూస్తే ముఖం తేటపడి ఉంది, నెత్తిమీద బరువేదో దింపుకున్నట్టు.

ఆ ముఖాన్ని ఫెర్మిన్ సూటిగా చూడలేడు. ఏటా ఇంతే.

"అబ్బ, ఇక్కడ చూడండి! పైకే కనిపిస్తున్నాయి!" హిమేనా పడవ అంచుమీదికి వంగిపోయింది. కింద నీలం చేపలు, పసుపు చేపలు గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. "ఇక్కడ దిగుతాం."

"ఇక్కడ కుదరదమ్మా," అంది ఒబ్దూలియా, తడిజుట్టు పిండుకుంటూ. "ఇది మా ఆయన సమాధి."

"అయ్యో, మాకు తెలీదండీ," అన్నాడు హిమేనా భర్త.

హిమేనా మూతి ముడుచుకుంది. "సరే, ఒడ్డుకి పోనివ్వండి. రేపు పక్క ఊరి పడవలో వెళ్తాంలే."

ఆ మాటతో ఫెర్మిన్‌కి ఓపిక తెగిపోయింది.

"వాళ్ళని దిగనీ వదినా."

"నోరు మూసుకుని పడవ తిప్పు."

"కింద ఎవరూ లేరే నా తల్లీ!" అని అరిచాడు. "అన్నయ్య చావలేదు. మరకైబో నుంచి వచ్చిన ఆడదానితో లేచిపోయాడు. అవతలి ఒడ్డుకి దింపి బస్సెక్కించింది నేనే. దోనె తిరగేసి ఇక్కడ వదిలిందీ నేనే. మునిగిపోయాడని ఊరికి చెప్పిందీ నేనే. అమ్మ తలెత్తుకు తిరగాలని ఆ పని చేశాను. నువ్వు ఏటా వచ్చి ఉత్త నీళ్ళకి పూలు పెడుతుంటే నా పేగులు తరుక్కుపోతున్నాయి. తిట్టు, చెప్పుతో కొట్టు, పడతాను. ఆ దరిద్రుడి కోసం మాత్రం ఇంక ఏడవకు."

ఒగరుస్తూ ఆ జంటవైపు తిరిగాడు. "దిగండమ్మా, దిగండి. ఇది ఎవడి సమాధీ కాదు. దిబ్బ కింద గుహలాగా ఉంటుంది. పెద్ద చేపలన్నీ అక్కడే."

హిమేనా మొగుడి చెయ్యి పట్టుకుని దూకేసింది.

ఒబ్దూలియా తిట్టలేదు, కొట్టలేదు. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు వదినా. నీమీద ఒట్టు."

"వాళ్ళని పైకి పిలువు."

"ఇంకా ఎందుకు వదినా ఈ పంతం? వెళ్ళినవాడు ఇన్నేళ్ళలో నాకు ఒక్క కబురు పంపలేదు. ఎక్కడో హాయిగా ఉండి ఉంటాడు. నువ్వేమో ఇక్కడ..."

దిబ్బ దగ్గర రెండు గాలిగొట్టాలు తేలుతున్నాయి. చూస్తుండగానే ఒకటి నీళ్ళ కిందికి పోయింది.

"మరుసటి వానాకాలంలోనే తిరిగొచ్చి నా తలుపు తట్టాడు ఫెర్మిన్," అంది ఒబ్దూలియా, "నువ్వు ఊరికి చెప్పిన అబద్ధాన్ని నేనే నిజం చేశాను."