స్వెట్టరు జేబులో మాత్రలు

ఉతకబోయే ముందు జేబులు వెతకడం లాండ్రీ వాళ్ళందరికీ ఉన్న అలవాటే.

మేడమీద అద్దెకుండే ఆవిడ ఉన్ని స్వెట్టరు జేబులో చెయ్యిపెట్టిన లాండ్రీ అక్కయ్య అక్కడే నిలబడిపోయింది.

కాగితంలో చుట్టిన మాత్రలు. ఎర్ర గొట్టాలు, పసుపు గొట్టాలు, తెల్ల బిళ్ళలు. అన్నీ తన తల్లివే.

తను కొన్నవి తనకు తెలియవా? ఆ మధ్య తల్లి స్నానాలగదిలో జారిపడింది. ఎముక విరగలేదు కానీ కూతురి ప్రాణం సగం పోయింది. తండ్రి ఎప్పుడో పోయాడు, పెళ్ళి మాట తను తలపెట్టలేదు, మిగిలింది ఈ అమ్మ ఒక్కతే. ఇక ఎవరు ఏది మంచిదంటే అది కొనుక్కొచ్చింది. ఎముకలకొకటి, నరాలకొకటి, కళ్ళకొకటి. డాక్టరును అడగవే అని తల్లి అంటే, బలానికి వేసుకునేవాటికి డాక్టరెందుకని కొట్టిపారేసింది. తల్లి హుషారుగా తిరుగుతుంటే, అంతా తన మాత్రల చలవేనని బట్టలు తెచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకునేది.

మేడమీదావిడ ఆ రోజుల్లోనే అద్దెకు దిగింది. ఎవరో ఏమిటో తెలియదు. మధ్యాహ్నం పూట కిందికి వచ్చి, షాపు వెనక గదిలో తల్లి దగ్గర కూర్చునేది. పోనీలే, అమ్మకు కాలక్షేపం అనుకుంది అక్కయ్య.

కాలక్షేపం కాదన్నమాట, కన్నం వెయ్యడం!

కడుపు భగ్గున మండింది. అప్పుడే మేడెక్కి నాలుగూ దులిపేస్తే కోపం ఆ పూటకే చల్లారిపోయేది. అంత తేలిగ్గా చల్లార్చుకోవడం అక్కయ్యకు ఇష్టం లేదు.

ముందు ఆ స్వెట్టరును సలసల కాగే నీళ్ళలో ముంచింది. ఉన్నికి వేడినీళ్ళు తగిలితే ఏమవుతుందో ఆమెకు తెలియనిది కాదు.

మర్నాడు షాపు నిండా జనం ఉండగా, పసిపిల్ల గౌనంత అయిపోయిన స్వెట్టరును కౌంటరు మీద పరిచింది. దానిమీద ఆ మాత్రలు పోసింది.

"ఇవి ఎవరివో నలుగురిలో మీరే చెప్పండి పిన్నిగారూ."

మేడమీదావిడ మొహం పాలిపోయింది. వెనక గది తలుపు వైపు ఒకసారి చూసింది.

"నేనే తీసుకెళ్ళానమ్మా. నన్ను ఎన్నయినా అను. కానీ ఆ డబ్బాలన్నీ ఒక్కసారి డాక్టరుకు చూపించు."

చేసింది దొంగతనం, పైగా నీతులు! అక్కయ్య నోటికి ఇక అడ్డూ ఆపూ లేకపోయింది. ముసలి ప్రాణం దగ్గర మందు లాక్కునే మనిషని వీధి వీధంతా చాటింది. ఇంటి యజమాని చెవిలో వేసి గది ఖాళీ చేయించింది. వెళ్ళేముందు ఒక్క మాట చెప్పాలని ఆవిడ షాపు దాకా వస్తే, మొహం మీదే షట్టర్ దించేసింది. ఆ చప్పుడు ఆమెకు ఎంతో హాయిగా ఉంది.

అయినా కసి తీరలేదు.

దొంగ పాలైందంతా అమ్మ ఒంట్లోకి తిరిగి రావాలి. ఆ రోజు నుంచి దగ్గర నిలబడి, ఒకటి వెయ్యాల్సిన చోట రెండేసి మింగించింది. తల్లి ఏదో చెప్పబోయేది. ఆవిడ ఊసెత్తితే ఊరుకోనని కూతురు కళ్ళెర్రజేసేది. తల్లి కిక్కురుమనకుండా మింగేది.

కొన్నాళ్ళకు తల్లికి అన్నం సయించకుండా పోయింది. ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరదు, తాగినవి కడుపులో నిలవవు. నీరసమేమోనని కూతురు ఇంకో డబ్బా తెచ్చింది.

ఒక ఉదయం తల్లి ఆమె మొహంలోకి చూసి అడిగింది.

"ఎవరమ్మా నువ్వు?"

ఆస్పత్రిలో డాక్టరమ్మ డబ్బాలన్నీ తెప్పించి చూసింది. వారానికొకటి, అదీ కొన్నాళ్ళే వేసుకోవలసిన విటమిన్ డి రోజూ పడింది. దానికి కాల్షియం తోడైంది. రక్తంలో పేరుకుపోయి కిడ్నీలను దెబ్బతీసింది. మెదడు తేరుకుంటుంది కానీ కిడ్నీలు మునుపటిలా అవుతాయని చెప్పలేనంది.

"లోపం ఉందని పరీక్షలో తేలితే మేమే రాస్తాం. ఊరికే బలానికని పోస్తే పెద్దవాళ్ళు తట్టుకోగలరా?" అని, మళ్ళీ డబ్బాల వైపు చూసింది. "ఇన్ని నెలల నుంచి వేస్తున్నానంటున్నారు. మరి మొన్నటి దాకా మీ అమ్మగారు ఏమీ కాకుండా ఎలా ఉన్నారు?"

జవాబు తెలిసిపోయింది. అక్కయ్యకు తను కౌంటరు మీద పోసిన మాత్రలు గుర్తుకొచ్చాయి.

తల్లికి తెలివి కుదుటపడ్డాక అడిగింది. తల్లి ఏదీ దాచలేదు. వద్దంటే కూతురు నొచ్చుకుంటుంది, చెత్తబుట్టలో వేస్తే కనిపెడుతుంది. అందుకని మేడమీదావిడే పైకి పట్టుకెళ్ళి పారేసేదట. నీ కూతురికి నేను నచ్చజెబుతానని ఆవిడ ఎన్నిసార్లన్నా, చెప్పొద్దని తనే ఒట్టు వేయించుకుందట.

అక్కయ్య ఇంటి యజమాని దగ్గరికి పరుగెత్తింది. ఆవిడ ఎక్కడికి వెళ్ళిందో ఆయనకూ తెలియదు. ఉత్తచేతులతో తిరిగొచ్చి తల్లి మంచం పట్టె మీద తల ఆనించింది.

"నేను అన్నేసి మాటలంటుంటే నోరు మూసుకుని ఎలా పడిందమ్మా? మనం ఆవిడకు ఏమవుతామని?"

తల్లి కూతురి తల నిమిరింది.

"వాళ్ళమ్మకు బలమని తనూ ఇలాగే దగ్గరుండి మింగించి, చేతులారా పోగొట్టుకుందటే. ఆ గతి నీకు పట్టకూడదనే నన్ను మింగనివ్వలేదు."